అడిగితే రమ్మనేదాన్నే

తలుపు పూర్తిగా వేసి లేదు, అదే నా ప్రాణం మీదికొచ్చింది. వేసుంటే హాయిగా వెనక్కి వెళ్ళిపోయేదాన్ని, బార్లా తీసుంటే ఎవరో తోసినట్టు లోపలికి పడేదాన్ని, ఇదేమో బెత్తెడు సందు వదిలి ఆగిపోయింది, రమ్మంటోందో పొమ్మంటోందో తెలిసి చావదు. తలుపుకి అంటించిన కాగితం మాత్రం, గురువారం మూడు నుంచి నాలుగు వరకు విద్యార్థులు వచ్చి కలవవచ్చు అంటోంది. కలవవచ్చట! తప్పకుండా కలవాలి అని రాసుంటే ఈపాటికి కలిసేసి ఉండేదాన్ని, కలవకూడదు అన్నా గోల వదిలేది, పన్నెండేళ్ళు బళ్ళో ఆ రెండిటి మీదే పెరిగాను నేను, నీ ఇష్టం అంటే మాత్రం కాళ్ళు కదలవు. అందుకే ఎదురుగా ఉన్న ఇనప బెంచీ మీద కూర్చున్నాను, పాదాల దగ్గర సంచీ, జిప్పు పూర్తిగా పడక తువ్వాలు కొస బయటికి వేలాడుతోంది. బండి ఆరింటికి. ఎక్కితే మళ్ళీ వచ్చేది లేదు. హాస్టల్ గదిలో నా మంచం మీద పరుపు చుట్టేసి వచ్చాను, బకెట్ మాత్రం రూమ్మేట్‌కి వదిలేశాను, దానిది పగిలిపోయి రెండు వారాలైంది పాపం.

లోపల కుర్చీ కిర్రుమంది. ఉన్నారు. లెక్కల మేడమ్ లోపలే ఉన్నారు, లేరేమో అనే ఆశ కూడా పోయింది. కప్పు సాసర్లో పెట్టిన చప్పుడు, కాసేపటికి దగ్గు, మళ్ళీ కుర్చీ. ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఒక్కరే. ఒక్కరే ఉన్నారంటే నేను వెళ్తే నాతోనే మాట్లాడతారు, నా మొహమే చూస్తారు, క్లాసులో అయితే రెండొందల మొహాల మధ్య నాదొకటి, దాక్కోవడం ఎంత సులువు. ఏమని మొదలుపెట్టాలి. మేడమ్, నాకు అర్థం కావట్లేదు. ఏది అంటారు. ఏది అని ఏం చెప్పను, కాలు ఎక్కడ నొప్పి అంటే చూపించగలం, ఒళ్ళంతా నొప్పి అయితే ఎక్కడని చూపిస్తాం. అమ్మకేం, హాయిగా చెప్పేసింది. నిన్న సాయంత్రం ఫోన్‌లో నేను వచ్చేస్తానమ్మా అన్నాను, ఇక్కడ నా వల్ల కాదు, వచ్చి మన స్కూల్లోనే చిన్న క్లాసులకి పాఠాలు చెప్పుకుంటాను, నీ పక్క కుర్చీలో కూర్చుంటాను అన్నాను. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. తిన్నావా అంది. తిన్నానన్నాను, అబద్ధం. "సరే వచ్చేయ్. కానీ వచ్చేముందు ఆ మేడమ్‌ని ఒక్కసారి అడుగు. అర్థం కావట్లేదు, చెప్పండి అని అడుగు. ఆవిడ కసిరితే అదే సంచీతో బండెక్కేయ్, స్టేషన్‌కి నేనొస్తా, జన్మలో ఒక్క మాట అనను" అంది. ఒట్టా అన్నాను. ఒట్టే అంది. మా అమ్మ ఒట్టేసిందంటే ఇక అంతే, బ్రహ్మరాత. రేపు ఎన్నింటికి వెళ్తావని కూడా అడిగింది, మూడింటికి అన్నాను. ఇప్పుడు చూడు, మూడు దాటి ఎంతసేపైందో, నేను ఆ తువ్వాలు కొసని లోపలికి తోయడం, అది మళ్ళీ బయటికి రావడం, ఇదే పని.

అమ్మకేం తెలుసు ఇక్కడి సంగతి. తనకి తెలిసింది స్కూలు. స్కూలంటే గంట కొడతారు, తెలుగు పుస్తకం మూసి లెక్కల పుస్తకం తీస్తాం, మళ్ళీ గంట, మంచినీళ్ళు, మళ్ళీ గంట, ఆట, ఒంటికి సెగ్గడ్డ లేచినా ముందు టీచర్‌కే తెలిసేది. మా అమ్మ అదే స్కూల్లో టీచరు కాబట్టి నా సంగతి మరీ అధ్వాన్నం, నేను ఒక ముద్ద వదిలేస్తే ఆ వార్త నాకంటే ముందు స్టాఫ్ రూముకి చేరేది. గేటు దాటితే నేను అమ్మని కాదు, టీచర్‌ని, అని మొదటి రోజే చెప్పేసింది. అది ఎంత బాగా వంటబట్టిందంటే ఒకసారి ఇంట్లో భోజనాల దగ్గర టీచర్, ఉప్పు అన్నాను. నాన్న పొలమారి దగ్గి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "మీ తల్లీకూతుళ్ళ బడి ఈ ఇంట్లోంచి ఎప్పుడు ఎత్తేస్తారో చెప్పండి, అప్పుడొచ్చి తింటాను" అన్నాడు. అప్పుడు నాకు ఆ గంటలన్నీ ఎంత మంటగా ఉండేవో! యూనివర్సిటీకి వెళ్తే గంటలుండవు, యూనిఫాం ఉండదు, హోంవర్కు చేశావా అని ప్రాణం తీసేవాళ్ళుండరు అని రోజులు లెక్కపెట్టుకున్నాను. వచ్చాక తెలిసింది, నిజంగానే ఉండరు. ఆ ఉండకపోవడం ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదు.

పక్క గదిలోకి ఇద్దరు సీనియర్లు వెళ్ళారు, తట్టలేదు, అడగలేదు, మాట్లాడుకుంటూనే తోసుకుని వెళ్ళిపోయారు, వాళ్ళ సారు లోపలి నుంచి ఏదో అంటే నవ్వుతున్నారు. అమ్మో, ఏం ధైర్యం. సారు ముందు కూర్చుని నవ్వడమే! బళ్ళో స్టాఫ్ రూముకి పిలుపొచ్చిందంటే ఏదో తప్పు చేసినట్టే లెక్క, చేతులు కట్టుకుని గోడకి ఆనకుండా నిలబడాలి, నా ఒంట్లో ఇప్పటికీ అదే ఉంది, బెంచీ మీద కూర్చున్నానే గాని చేతులు కట్టుకునే కూర్చున్నాను, ఇప్పుడే చూసుకున్నాను, ఛీ. ఈ అలవాటే కదా మొదటి రోజు కొంప ముంచింది. అంత పెద్ద హాలు, మెట్లు మెట్లుగా బల్లలు, ఎవరూ ఎవరికీ తెలియదు, తలుపు తీసుకుని మేడమ్ వచ్చారు, నా కాళ్ళు నన్ను అడక్కుండానే లేచాయి. అందరూ లేస్తారనే అనుకున్నాను. రెండొందల మందిలో ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను, నోట్లో గుడ్మార్నింగ్ మేడమ్ సగం దాకా వచ్చేసింది కూడా, ఆ రాగంతో సహా. మేడమ్ సంచీ బల్ల మీద పెట్టి పైకి చూసి, "చెప్పమ్మా, ఏదైనా అడగాలా?" అన్నారు. ఏం లేదు మేడమ్ అని కూలబడ్డాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచి నా పేరు గుడ్మార్నింగ్. క్యాంటీన్లో కూడా అదే, గుడ్మార్నింగ్ వచ్చిందిరా జరగండి. మనసులో ఏడుపొస్తున్నా పైకి నవ్వాను, అప్పటి నుంచి మేడమ్ వచ్చినప్పుడల్లా బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నాను, మళ్ళీ లేస్తానేమోనని.

నా రూమ్మేట్ మంచిదే, కాకపోతే దానికి ఏదీ పెద్ద విషయం కాదు. ఎప్పుడు చూసినా ఆవలిస్తూ ఉంటుంది కాబట్టి నేను దానికి ఆవలింత అని పేరు పెట్టాను, పైకి అనను. ఒకరోజు నేను క్లాసుకి వెళ్ళకుండా పడుకున్నాను. జ్వరం లేదు, ఏం లేదు, ఊరికే. చూద్దాం ఏమవుతుందో అని. ఎవరో వస్తారు, ఎందుకు రాలేదని అడుగుతారు, ఏం చెప్పాలో కూడా తయారు చేసి పెట్టుకున్నాను, కడుపునొప్పి అని. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, మర్నాడు క్లాసుకి వెళ్ళాను, ఎవరూ అడగలేదు. నా కడుపునొప్పి అలాగే మిగిలిపోయింది. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను ఆ రోజు. ఆవలింత కనిపెట్టింది, కనిపెట్టి, "ఇది బడి కాదే తల్లీ. ఇక్కడ నువ్వున్నావా పోయావా అని కూడా ఎవరూ అడగరు. ఎంత హాయి చెప్పు!" అని ఒక పెద్ద ఆవలింత తీసి అటు తిరిగి పడుకుంది. హాయేనేమో. దానికి హాయే. దానికి ఇంటి దగ్గర ఆరుగురు మేనత్తలట, లేస్తే ఒకరు కూర్చుంటే ఒకరు ఆరా తీస్తారట. నాకు మాత్రం ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఏమే, నిన్న రాలేదేం అని ఒక్క చీవాటు పెడితే బాగుండుననిపించింది. పిచ్చి కాకపోతే, చీవాట్ల మీద బెంగేమిటి!

లెక్కలైనా తిన్నగా ఉన్నాయా అంటే అదీ లేదు. స్కూల్లో నేను లెక్కల్లో పులిని, అమ్మ కూతురు కాబట్టి అన్నారు కొందరు, అదేం కాదు, నాకు నిజంగానే ఇష్టం, లెక్క కుదిరి చివర కింద రెండు గీతలు గీసినప్పుడు వచ్చే సుఖం ఇంకెక్కడా రాదు. ఇక్కడి లెక్కల్లో అసలు అంకెలే లేవు! మేడమ్ బోర్డు మీద ఏదో వంకర అక్షరం రాసి, ఇది ఎంత చిన్నదైనా కావచ్చు అంటారు. ఎంత చిన్నది? ఒకటా, అరా, అరలో అరా? చెప్పరు. రెండొందల మందీ తలలూపుకుంటూ రాసుకుపోతారు, నేనూ తలూపుతాను. మొదటి వారం నుంచి ఆ వంకర అక్షరం దగ్గరే ఆగిపోయాను, పాఠం మాత్రం నన్ను వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయింది. అమ్మ అయితే వెనక్కి వచ్చేది. మా అమ్మ పాఠం చెప్తూ చెప్తూ ఎవరి కళ్ళు తేలిపోయాయో చూసుకుని, ఆ పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడికి వెనక్కి వచ్చి, వేలు పట్టుకుని తీసుకెళ్ళేది. ఎవరినీ వదిలేది కాదు. నన్ను తప్ప.

ఒక్కసారి, ఒక్క పీరియడు. ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు. ఈ తలుపు వల్లే అయ్యుంటుంది. మేమిద్దరం స్కూటర్ మీద వెళ్తుంటే టైరు పంక్చరైంది, అమ్మ ముందు నెట్టింది, నేను వెనక తోశాను, ఇద్దరికీ చేతులు మసి, అమ్మ కుచ్చిళ్ళకి కూడా. గంట కొట్టేశాక చేరాం. అమ్మ గబగబా చేతులు కడుక్కుని క్లాసులోకి వెళ్ళిపోయింది. నేను గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయట నిలబడాలి, అదీ అమ్మ పెట్టిన రూలే. అమ్మ భిన్నాలు చెప్తోంది. బోర్డు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, ముందు బల్లల్ని చూసింది, వెనక బల్లల్ని చూసింది, తలుపు వైపు మాత్రం చూడలేదు. పీరియడంతా. మసి చేతుల్ని వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడ్డాను, పిల్లలంతా నన్నూ అమ్మనీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో మూతి ముడుచుకుని వంటింటి మూల కూర్చుంటే అమ్మ వచ్చి పక్కనే కింద చతికిలబడింది. కోపమా అంది. "నువ్వూ లేటే కదా!" అని అరిచాను. "నేనూ లేటేనే. నన్ను నిలబెట్టేవాళ్ళు లేరు, అంతే తేడా" అంది. తర్వాత నా గోళ్ళలో మసి తీస్తూ మెల్లగా అంది, "ఆ పీరియడంతా తలుపు వైపు చూడలేదు చూశావా. చూస్తే ఉండలేను, రమ్మనేస్తాను, సొంత కూతురు కాబట్టి అని వాళ్ళంటారు. అందరూ అడుగుతారు కదే, లోపలికి రావచ్చా టీచర్ అని. నువ్వూ అడుగుతావనుకున్నా. ఒక్కసారి అడిగితే రమ్మనేదాన్నే. అడగలేదు నువ్వు." అడగడమేమిటి, అమ్మని అడగాలా, అని నాకు అప్పుడు రోషం. రోషంతో మొహం తిప్పుకున్నాను. అడగకుండానే చూడాలి, అడగకుండానే పిలవాలి, లేకపోతే అమ్మెందుకు.

అడుగు, అంది నిన్న. ఆ మేడమ్‌ని ఒక్కసారి అడుగు. కలువు అనలేదు, మాట్లాడు అనలేదు.

లోపల సొరుగు మూసిన చప్పుడు. సంచీ జిప్పు లాగారు. ఆవిడ జిప్పు పడుతుంది, ఒక్క లాగుకే. కప్పు తీశారు, లేస్తున్నారు, నాలుగవుతోంది, అయిపోయింది, ఇక తలుపు తీసుకుని బయటికొస్తారు, నేను చెప్పులు సవరించుకుంటున్నట్టు వంగితే నన్ను దాటుకుని వెళ్ళిపోతారు, నేను అమ్మతో, అడిగాను, కసిరారు అని చెప్పచ్చు, అమ్మ నమ్ముతుంది, స్టేషన్‌కి వస్తుంది, జన్మలో ఒక్క మాట అనదు. నమ్ముతుంది, అదే కదా బాధ. లేచాను. సంచీ కాలికి తగులుకుని పడింది, తువ్వాలు మొత్తం బయటికొచ్చేసింది, పోనీ, తలుపు దగ్గర ఎడమ కాలు ముందు పెట్టాలో కుడికాలు పెట్టాలో తెలియక రెండూ కలిపి నిలబడి, చేతులు కట్టుకుని, నోరు తెరిచాను. ఏం రావాలో అది రాలేదు. బళ్ళో వచ్చే మాటే వచ్చింది, ఆ రాగంతోనే, వరండా అంతా మోగేలా.

"లోపలికి రావచ్చా టీచర్?"

పక్క గదిలో నవ్వులు ఆగాయి. ఒక సీనియర్ తల బయటికొచ్చింది. చచ్చాను అనుకున్నాను. అప్పుడు లోపల నుంచి, "రా అమ్మా, రా. తలుపు తీసే ఉంది" అని వినబడింది.

మేడమ్ ఒక భుజానికి సంచీ తగిలించుకుని నిలబడి ఉన్నారు, కళ్ళద్దాలు నెత్తి మీద. నన్ను చూసి సంచీ దించేశారు. దించేశారు! బల్లకి ఇవతల ఖాళీ కుర్చీ ఒకటి ఉంది, మేడమ్ కుర్చీ దానికి ఎదురుగా, తలుపుకి ఎదురుగా. కూర్చోమన్నారు. కూర్చోలేదు. మళ్ళీ చెప్తే కూర్చున్నాను. "మొదటి రోజు లేచి నిలబడిన అమ్మాయివి కదూ?" అన్నారు. "ఏదో అడగబోయి కూర్చుండిపోయావు. ఆ ప్రశ్నేమిటో మళ్ళీ అడుగుతావని చూస్తూనే ఉన్నాను. ప్రతి క్లాసులోనూ ఆ ఎడమ పక్క మూడో బల్ల వైపు చూస్తాను. ఒకరోజు రాలేదు నువ్వు." నేను రాని రోజు. కడుపునొప్పి రోజు. కళ్ళు తుడుచుకున్నాను. "ప్రశ్నేం లేదు మేడమ్. మీరు వచ్చారని లేచాను. బళ్ళో అలవాటు." ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించుకుని నన్ను సరిగ్గా చూశారు. "నా కోసమా? ఎన్నాళ్ళయిందో నాకోసం ఎవరైనా లేచి" అని నవ్వారు, ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. "మరి ఇప్పుడైనా ఉందా ప్రశ్న?"

ఉంది. "ఎంత చిన్నదైనా అంటారు కదా మేడమ్. ఎంత చిన్నది?"

అడిగేశాను. ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు చూడాలి, నేనేదో మిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చినట్టు. గభాల్న లేచి సుద్దముక్క వెతుక్కున్నారు, గోడకున్న చిన్న బోర్డు మీద ఒక చుక్క పెట్టారు. "అది నేను చెప్పేది కాదమ్మా, నువ్వు అడిగేది. ఇదిగో ఈ చుక్క దగ్గరికి తీసుకెళ్తానంటున్నాను నేను. ఎంత దగ్గరికి అని నువ్వు అడగాలి. జానెడు అన్నావనుకో, జానెడు లోపలికి తెచ్చే దారి చూపిస్తాను. చాలదు, వేలెడు అన్నావా, దానికీ చూపించాలి. వెంట్రుకవాసి అని మొండికెయ్యి, దానికీ చూపించాలి. నువ్వెంత మొండిగా అడిగినా నేను చూపించగలిగితేనే దగ్గరైనట్టు. అడిగేవాళ్ళే లేకపోతే ఈ లెక్కే లేదు." "అడుగు. ఎంత?" వేలెడు అన్నాను. రాశారు. వెంట్రుకవాసి అన్నాను, నాకు మొండితనం నేర్పక్కర్లేదు. అదీ రాశారు, సుద్దముక్క నా చేతికిచ్చి ఇప్పుడు నువ్వు చెయ్యి అన్నారు. లేచి చేయబోతే వాకిట్లో పడున్న సంచీ, తువ్వాలు ఆవిడ కంటపడ్డాయి. చూసి ఊరుకున్నారు. "బండి ఎన్నింటికి?" అన్నారు అంతే. ఆరింటికి అన్నాను. "చాలా టైముంది. వెళ్ళేదానివి వెళ్దువుగాని, ఈ లెక్క చూద్దాం ముందు" అంటూ బోర్డు ఒక మూల తుడవడం మొదలుపెట్టారు, నాకు చోటు చేస్తూ.

ఒక్క నిమిషం మేడమ్, అని బయటికి వచ్చాను. వెళ్ళడానికి అడగలేదు, బయటికొచ్చాక గాని తెలియలేదు అడగలేదని. చేతులకి సుద్ద. అమ్మకి ఇది చివరి పీరియడు, క్లాసులో ఉంటుంది, ఇన్నేళ్ళలో క్లాసులో ఫోనెత్తింది లేదు, నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఎత్తలేదు, మిస్డ్ కాల్ చూసుకుంటుందిలే అని కొట్టాను. మొదటి రింగు పూర్తి కాలేదు.

"అడిగావా?" అంది.

"అడిగానమ్మా."

"రమ్మన్నారా?"

"రమ్మన్నారు."

వెనక పిల్లల గోల. అమ్మ ఊపిరి వినబడింది. "మరి బండికి వస్తున్నావా?" అంది మామూలుగా, మరీ మామూలుగా. తువ్వాలు దులిపి సంచీలో కుక్కాను. లోపల మేడమ్ బోర్డు మూల తుడిచేసి, సుద్దపొడి చేతులు దులుపుకుంటూ, తలుపు వైపు చూస్తున్నారు.

"లెక్క సగంలో ఉందమ్మా" అన్నాను.

అమ్మ ముక్కు ఎగబీల్చింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అదేంటి, నువ్వు క్లాసులో ఉన్నావు కదా? ఫోనెలా ఎత్తావు?"

"బల్ల మీద పెట్టుకున్నానే. మూడింటి నుంచి దాని వైపే చూస్తున్నా" అంది. "పిల్లలు నవ్వుతున్నారు."